టిక్కెట్టు లేని జాతరలో లాభం ఎవరికి?

ఎమ్మిగనూరు: నీలకంఠేశ్వరస్వామి జాతరకు టిక్కెట్టు లేదు. వచ్చిన జనమంతా ఉచితంగానే తిరిగి చూసిపోతారు. కానీ జనం ఎక్కడ ఎక్కువో అక్కడి అంగడి స్థలానికే గిరాకీ. ఫోనులో ఉచితంగా ఫొటోలు చూపే ఇన్‌స్టాగ్రామ్ వంటి యాప్‌ల వ్యాపారమూ ఇలాంటిదే. చూసే జనం డబ్బివ్వరు. ఆ జనం కంట పడాలనుకునే వ్యాపారులు ఇస్తారు.

దూదిని బట్టి ధర

ఆదోని మార్కెట్లో వ్యాపారి పత్తిని చేత్తో తీసి, దూది ఎంత దిగుతుందో అంచనా వేసి ధర పలుకుతాడు. 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ సంస్థ ఇన్‌స్టాగ్రామ్‌కు 100 కోట్ల డాలర్ల ధర కట్టింది. అప్పటి లెక్కన 5 వేల కోట్ల రూపాయల పైమాటే. అప్పటికి అందులో సిబ్బంది 13 మంది. రాబడి పైసా లేదు. ఉన్నదల్లా వాడేవాళ్లు, సుమారు 3 కోట్ల మంది. మరుసటి ఏడాది నవంబరులో అమెరికాలో ప్రకటనలు మొదలయ్యాయి. నేడు మెటా అని పేరు మార్చుకున్న ఆ సంస్థకు 2024లో వచ్చిన ప్రతి నూరు రూపాయల్లో 97కు పైగా ప్రకటనల సొమ్మే కావడం విశేషం.

అంచనా ప్రతిసారీ ఫలించదు. తెలుగుతో సహా మన భాషల్లో ఫొటోలు, సందేశాలు పంచే బెంగుళూరు సంస్థ షేర్‌చాట్‌కు 2022లో దాదాపు 500 కోట్ల డాలర్ల విలువ కట్టారు. ఖర్చుకు తగ్గ రాబడి రాక, రెండేళ్లలో ఆ విలువ సగానికన్నా దిగువకు పడిపోయింది.

నేతన్నకు మిగిలేది

1938లో మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం వెలిసింది. నూలు దొరకడం, నేసింది అమ్ముడుపోవడం, ఈ రెండే నాడు నేతగాళ్ల బాధలు. నేటికీ అమ్మకమే బెంగ. చీర ఫొటో యాప్‌లో పెట్టడానికి ఖర్చు లేదు. ఎక్కువమందికి చేరాలంటే మాత్రం ప్రకటనకు డబ్బు కట్టాలి. కట్టినా, చూసినవాళ్లు కొంటారన్న హామీ లేదు. చీర అమ్ముడైనా కాకపోయినా ప్రకటన సొమ్ము యాప్‌కు ముట్టినట్లే.

కాబట్టి ప్రకటనకు ఎంత పెట్టారు, దానివల్ల ఎన్ని చీరలు పోయాయి అన్నది పుస్తకంలో రాసుకోవడం మేలు. కొన్నవారి ఫోను నంబర్లూ విడిగా రాసుకోవాలి. ఖాతా పోయినా ఖాతాదారు మిగులుతాడు. వేల లైకులు వచ్చినా నూలు దుకాణంలో అవి చెల్లవు కదా!