రాజధానికి నెల్లూరు మీదుగా

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం మనిషికి రాజధానిలో పని పడితే మన నెల్లూరు దాటే వెళ్లాలి. గోదావరి ఒడ్డున బయలుదేరి, 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని, నెల్లూరు జిల్లా విడవలూరుకు పడమరగా కొడవలూరు, కోవూరు దాటి, చెన్నై చేరి, అక్కణ్ణుంచి ఇంకో 150 కిలోమీటర్లు పోతే గానీ పుదుచ్చేరి రాదు. మొత్తం సుమారు 800 కిలోమీటర్లు. విడవలూరు వాళ్ల కలెక్టరాఫీసు మాత్రం నెల్లూరులోనే, బస్సెక్కి దిగేంత దూరంలో ఉంది. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరిదీ కోస్తానే. మరి ఏలుబడి ఎందుకు వేరయింది?

యానాంలో ఫ్రెంచివాళ్లు 1723లో వర్తకానికి దిగారు. చుట్టూ ఉన్నదంతా ఇంగ్లీషువాళ్ల సీమ అయినా, ఈ 30 చదరపు కిలోమీటర్ల నేల ఫ్రెంచివారిదిగానే మిగిలింది. గీతకు అటు ఒక చట్టం, ఇటు ఒక చట్టం. శారదా చట్టం వచ్చాక, ఇంగ్లీషు సీమలో బాల్యవివాహం నేరమైతే, పెళ్లివారు పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వచ్చి తాళి కట్టించుకుపోయేవారు. ప్రత్యేక పాలన అనగానే గొప్ప మాటలు గుర్తొస్తాయి గానీ, దాని చాటున ఇలాంటి పనులూ జరిగాయి.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం విముక్తమైంది. నవంబరు 1న నాలుగు ఫ్రెంచి స్థావరాల పాలన భారత్ చేతికొచ్చింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అది అమల్లోకి వచ్చింది మాత్రం 1962 ఆగస్టు 16న. అసలు సంగతంతా ఆ ఒప్పందంలోనే ఉంది. ఈ ప్రాంతాలకు అంతకుముందున్న ప్రత్యేక పాలనా ప్రతిపత్తి కొనసాగుతుంది. దాన్ని మార్చాలంటే ముందు ప్రజల అభీష్టం తెలుసుకోవాలి. అక్కడి ఫ్రెంచి పౌరులు భారత పౌరులవుతారు, వద్దనుకున్నవారు ఆరు నెలల్లోగా రాసిచ్చి పాత పౌరసత్వం నిలుపుకోవచ్చు. పుదుచ్చేరిలో ఇప్పటికీ ఫ్రాన్సు అధ్యక్ష ఎన్నికలకు ఓటేసే కుటుంబాలున్నది అందుకే.

ఇలాంటి హామీయే చైనా తీరంలో మకావుకు దక్కింది. పోర్చుగీసువారు 1999 డిసెంబరు 20న దాన్ని చైనాకు అప్పగించారు. అక్కడి జీవన విధానాన్ని 50 ఏళ్లు మార్చబోమని రాతకోతలయ్యాయి. పోర్చుగీసు నేటికీ ఒక అధికార భాష. పాత చర్చిలు, కూడళ్లు, చైనా గుళ్లు కలిసిన నగరభాగాన్ని 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కట్టడాలకు లోటు లేదు. శాసనసభలో మాత్రం 33 స్థానాలుంటే జనం నేరుగా ఎన్నుకునేవి 14 మాత్రమే. 2021లో 21 మంది అభ్యర్థులను పోటీకే అనర్హులన్నారు. గోడలకు దొరికిన రక్షణ నోళ్లకు దొరకలేదు.

యానాం హామీకి గడువు లేదు, ఓటుకు అడ్డూ లేదు. 1963 చట్టం ప్రకారం పుదుచ్చేరి శాసనసభకు 30 మంది ఎన్నికవుతారు, అందులో యానాం వాటా ఒక్కటి. ఆ ఒక్క స్థానం ఓటర్లు 2021లో, మాజీ ముఖ్యమంత్రి రంగసామి వచ్చి నిలబడితే ఆయన్ను ఓడించి స్వతంత్ర అభ్యర్థిని గెలిపించారు. రంగసామి వేరే స్థానంలో నెగ్గి ముఖ్యమంత్రయ్యారు, అది వేరే సంగతి. 1979లో ప్రధాని మొరార్జీ దేశాయి పుదుచ్చేరి ప్రాంతాలను పక్క రాష్ట్రాల్లో కలిపేయాలన్నప్పుడు జనం రోడ్లెక్కారు. ఆ ఆలోచన అక్కడితో ఆగింది. అడగకుండా మార్చకూడదన్న మాటకు విలువ అప్పుడు తెలిసింది. భాష విషయంలోనూ యానాంకు ఇబ్బంది రాలేదు. 1965 అధికార భాషా చట్టం అక్కడ తెలుగు వాడకానికి చోటిచ్చింది.

మరి లోటెక్కడ? ఊరి పాలనలో. ఫ్రెంచివారు 1880లోనే డిక్రీ ఇచ్చి ఈ స్థావరాల్లో మునిసిపాలిటీలు పెట్టారు, మేయర్లను కూర్చోబెట్టారు. స్వతంత్ర భారతంలో పుదుచ్చేరి స్థానిక సంస్థలకు 1968లో ఎన్నికలు జరిగాయి. మళ్లీ జరిగింది 2006లో, అంటే 38 ఏళ్లకు. ఆ పాలకవర్గాల గడువు 2011లో తీరింది. 2021లో షెడ్యూలు ఇచ్చి కూడా నిలిపేశారు. అదే 2021లో నెల్లూరు జిల్లా పల్లెల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. వీధి దీపం వెలగకపోతే పల్లె మనిషి నిలదీయడానికి ఒక సర్పంచి దొరికాడు. యానాంలో అదే పనికి ఎన్నికైన కౌన్సిలరు లేడు, అర్జీ అధికారికే ఇవ్వాలి.

మకావు కథ చదివి అయ్యో అనుకునేవాళ్లం, మన గడపలోని ఈ సంగతినీ పట్టించుకోవాలి. ప్రత్యేక ప్రతిపత్తి, పాత చర్చి, ఒప్పందం కాగితాలు అన్నీ ఉండవలసినవే. కానీ యానాం వాళ్లకు ఇప్పుడు కావలసింది మునిసిపల్ ఎన్నికల తేదీ. దాన్ని ప్రకటించాల్సింది పుదుచ్చేరి ప్రభుత్వం, అడగాల్సింది తెలుగువాళ్లందరమూ.