వెతికితే దొరకాలి... ముందే దొరకాలి!

లక్ష వంటకాల తయారీ విధానాలు కంప్యూటర్లో ఉన్నాయనుకోండి. 'గోంగూర పచ్చడి తయారీ' అని కొట్టగానే రెప్పపాటులో జాబితా వచ్చేస్తుంది. అంతలోనే లక్షా చదివేసిందా? లేదు. ఆ చదువంతా ముందే అయిపోయింది! పెద్ద పుస్తకాల చివర పదసూచిక ఉంటుంది చూడండి... ఏ మాట ఏయే పేజీల్లో ఉందో చెప్పేది. కంప్యూటరూ అలాంటి పట్టికే రాసి పెట్టుకుంటుంది. మనం అడిగినప్పుడు చూసేది దాన్నే.

ఈ పని చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ 'లూసీన్'. అమెరికన్ ఇంజినీరు డగ్ కటింగ్ 1999లో రాశారు. తన భార్య మధ్య పేరునే దీనికి పెట్టుకున్నారు. 2001లో ఇది అపాచీ సంస్థకు చేరింది. 2010లో వచ్చిన ఎలాస్టిక్‌సెర్చ్‌కి గుండెకాయ ఇదే. దాని సృష్టికర్త షే బానన్‌ను ఈ దారి పట్టించింది కూడా వంటలే! లండన్‌లో వంట నేర్చుకుంటున్న భార్య కోసం వంటకాలను వెతికే సాధనం చేయబోయి, లూసీన్‌తో పరిచయం పెంచుకున్నారాయన.

ఎవరిది ముందు వరస?

పచ్చళ్లు వేలల్లో ఉంటే ఏది పైన రావాలి? దీనికి దారి చూపింది బ్రిటన్ శాస్త్రవేత్త కారెన్ స్పార్క్ జోన్స్. అన్నిచోట్లా కనిపించే మాటకన్నా అరుదైన మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలన్నారు 1972లో. 'తయారీ' ప్రతి వంటకంలోనూ ఉంటుంది, 'గోంగూర' కొన్నింట్లోనే. కాబట్టి గోంగూరకే పెద్దపీట!

లూసీన్ 2016 నుంచి మామూలుగా వాడుతున్న 'బీఎం25' సూత్రం మరో రెండు సంగతులూ చూస్తుంది. గోంగూర అని పదిసార్లు రాసినంత మాత్రాన పదిరెట్లు మార్కులు పడవు. పదిపేజీల వ్యాసంలో ఒక్కసారి వచ్చిన మాటకన్నా, పదివాక్యాల వంటకంలో ఒకసారి వచ్చిన మాటకు విలువెక్కువ.

మన మాటకో చిక్కు

ఇంగ్లిషులో 'తో', 'లో' లాంటివి విడి మాటలు. మనకవి పదానికే అంటుకుంటాయి. గోంగూరతో, గోంగూరలో, గోంగూరను... మనకు అన్నీ ఒకటే. యంత్రానికి మాత్రం మూడూ వేర్వేరు. అందుకే లూసీన్‌లో ఇప్పుడు తెలుగుకీ ఓ విశ్లేషకం ఉంది. పదం చివర అంటుకున్న కొన్ని ప్రత్యయాలను తీసేసి, మిగిలిన రూపాన్నే పట్టికలో రాస్తుంది. అడిగిన మాటకూ అదే చేస్తుంది. అప్పుడే రెండూ కలుస్తాయి.

పాత పత్రికలూ పుస్తకాలూ కంప్యూటర్లోకి ఎక్కించడంతోనే పని అయిపోదన్నమాట. సరైన పట్టిక లేకపోతే, 'గోంగూరతో' అని రాసున్న పేజీ 'గోంగూర' అని అడిగినవారికి ఎప్పటికీ కనిపించదు. అంటే... ఉండీ లేనట్టే!