సంక్రాంతి నాటి నీడ

భోగి నాడు సాయంత్రం ఇంట్లో చిన్నపిల్లలకు భోగిపళ్ళు పోయడం మీరు చూసే ఉంటారు. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు కలిపి పేరంటాళ్ళు దోసిళ్ళతో పిల్లల నెత్తిన పోస్తారు. దిష్టి పోతుందని పెద్దల నమ్మకం. ఎవరూ పైకి చెప్పరు గాని, రేగుపళ్ళు పచ్చివైతే నెత్తిమీద గట్టిగానే తగులుతాయి! మీకూ ఒకప్పుడు పోశారు. ఇప్పుడు మీ చెల్లాయి వంతు. అది పీటమీద కూర్చుని ప్రశ్నలు మొదలుపెడుతుంది. పొద్దున మంట ఎందుకు వేశాం? గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు ఎందుకు పెట్టారు? గంగిరెద్దు తల ఎందుకు ఊపుతుంది?

ఇలాంటివాటికి అమ్మమ్మ దగ్గర జవాబులుంటాయి. కొత్త బియ్యం ఇంటికి వచ్చే వేళ కనుక అరిసెలు వండుతాం. తెలంగాణలోనైతే సకినాలు చేస్తారు. ఏడాదంతా దుక్కి దున్నిన ఎద్దులకు కనుమ నాడు పని చెప్పం. కొమ్ములకు రంగులు వేసి మొక్కుతాం. ఇవన్నీ చెల్లాయికి బాగానే అర్థమవుతాయి. చిక్కంతా అమ్మమ్మ ఆ తరవాత చెప్పే మాటతోనే వస్తుంది. "ఈ సంక్రాంతి నుంచే సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడమ్మా. ఇదే ఉత్తరాయణం."

చెల్లాయి వెంటనే మీవైపు చూస్తుంది. మీరేమో సూర్యుడు మకరరేఖ దగ్గర నుంచి ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 22 ప్రాంతంలో అని బడిలో చదువుకున్నారు. మరి తప్పెవరిది? అమ్మమ్మదా, భూగోళ పాఠానిదా?

ముందు తేదీ సంగతి చూద్దాం. మన పండగల్లో చాలావాటిని చంద్రుణ్ణి బట్టి లెక్కిస్తారు. దీపావళి అమావాస్య నాడే రావాలి. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29½ రోజులు. అలాంటివి పన్నెండు కలిస్తే 354 రోజులే అవుతాయి. ఏడాదికి 11 రోజులు తక్కువన్నమాట. ఈ లోటు పూడ్చడానికే మూడేళ్ళకో మారు అధికమాసం వస్తుంది. అందుకే దీపావళి ఒక ఏడు అక్టోబరులోనూ, మరో ఏడు నవంబరులోనూ వస్తుంది. సంక్రాంతికి చంద్రుడితో పని లేదు. అది సూర్యుడి పండగ. ఆకాశంలో సూర్యుడు నడిచే దారిని మన పూర్వులు పన్నెండు రాశులుగా విభజించారు. ఒక రాశి నుంచి మరో రాశిలోకి అడుగుపెట్టడమే సంక్రమణం. ఆ లెక్కన ఏడాదికి పన్నెండు సంక్రాంతులు! డిసెంబరు 16 ప్రాంతంలో ధనూరాశిలో ప్రవేశించినప్పుడు నెలగంట పెట్టి ముగ్గులు మొదలుపెడతాం. ఆ తరవాత మకరరాశిలో ప్రవేశించేదే మన పెద్ద పండగ. అందువల్ల అది ఏటా జనవరి 14న గాని, 15న గాని వస్తుంది.

సూర్యుడు మకరరాశిలో ప్రవేశించడం ఒక విషయం. ఉత్తరానికి తిరగడం మరో విషయం. మొదటిది నక్షత్రాలను బట్టి చెప్పేది. రెండోది భూమి అక్షం 23½ డిగ్రీలు వంగి ఉండడం వల్ల జరిగేది. ఒకప్పుడు ఈ రెండూ ఒకే రోజున జరిగేవి. మకరరేఖకు ఆ పేరు ఎలా వచ్చిందనుకుంటున్నారు? ఉత్తరానికి తిరిగే వేళకు సూర్యుడు మకరరాశిలో ఉన్న కాలంలో పెట్టిన పేరు అది! ఇప్పుడు ఆ రోజున సూర్యుడు ధనూరాశిలోనే ఉంటాడు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఇంతకీ ఆ రెండూ ఎందుకు విడిపోయాయి? బొంగరం వేసి చూడండి. జోరు తగ్గేటప్పుడు అది తిరుగుతూనే తల కూడా గుండ్రంగా ఊపుతుంది. మన భూమీ అంతే. కాకపోతే దాని తల ఒక్క చుట్టు తిరగడానికి దాదాపు 26,000 సంవత్సరాలు పడుతుంది. దీన్నే అయనచలనం అంటారు. దీనివల్ల సూర్యుడు ఒక ఉత్తరాయణం నుంచి మరో ఉత్తరాయణానికి రావడానికి పట్టే కాలం, ఒక నక్షత్రం దగ్గర నుంచి మళ్ళీ అదే నక్షత్రం దగ్గరకు రావడానికి పట్టే కాలం కంటే సుమారు 20 నిమిషాలు తక్కువ. మన గోడమీది ఇంగ్లీషు క్యాలెండరు రుతువులను అనుసరిస్తుంది. పంచాంగంలోని సంక్రాంతి నక్షత్రాలను అనుసరిస్తుంది. ఏటా 20 నిమిషాల చొప్పున రెండూ ఎడమవుతూ వస్తున్నాయి.

ఇరవై నిమిషాలేగా అని తీసిపారెయ్యకండి. స్వామి వివేకానందుడు పుట్టింది 1863 జనవరి 12న. ఆ రోజు మకర సంక్రాంతి! 2025లో అది జనవరి 14న వచ్చింది. మధ్యలో 162 సంవత్సరాలు గడిచాయి. 162ను 20తో హెచ్చవేస్తే 3,240 నిమిషాలు, అంటే 54 గంటలు. రెండు రోజుల పైచిలుకు. లెక్క సరిపోయింది కదా! ఇక డిసెంబరు 21 నుంచి జనవరి 14 దాకా ఉన్న 24 రోజుల ఎడం ఎన్నేళ్ళలో పెరిగిందో మీరే కట్టి చూడండి. ఇంచుమించు 1,700 సంవత్సరాలు వస్తుంది. అంటే అమ్మమ్మ చెప్పింది అబద్ధం కాదు. పదిహేడు వందల ఏళ్ళ నాటి నిజం.

ఈ సంగతి మన పూర్వులకు తెలియదనుకునేరు. ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో దీని గురించి రాశాడు. పాత శాస్త్రాల కాలంలో ఉత్తరాయణం ధనిష్ఠా నక్షత్రం మొదట్లో మొదలయ్యేదట. తన కాలంలో మాత్రం మకరరాశి మొదట్లోనే మొదలవుతోందని ఆయన చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. తేడా ఏమైనా వస్తే స్వయంగా పరీక్షించి తెలుసుకోమన్నాడు. ఉదయాస్తమయాల వేళ దూరాన ఉన్న గుర్తుతో సూర్యుణ్ణి సరిచూడమన్నాడు. లేదా పెద్ద వలయం గీసి అందులో నీడ ప్రవేశించే చోటూ, వెలుపలికి పోయే చోటూ గుర్తు పెట్టుకోమన్నాడు. నాకు ఆ గ్రంథంలో అన్నిటికంటే నచ్చిన మాట ఇదే.

మన కాలంలోనూ ఈ చర్చ జరిగింది. భారత ప్రభుత్వం 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని నియమించింది. ఆ సంఘం సూచన ప్రకారం 1957 మార్చి 22 నుంచి అమలులోకి వచ్చిన జాతీయ పంచాంగంలో పుష్యమాసం సరిగ్గా డిసెంబరు 22న మొదలవుతుంది. పండగలను మాత్రం జనం నక్షత్రాల లెక్కతోనే జరుపుకుంటున్నారు. ఇలాగే సాగితే మరో 7,200 ఏళ్ళకు సంక్రాంతి ఇంకో వంద రోజులు జరిగి ఏప్రిల్ నెలాఖరుకు చేరుతుంది. ఆ ఎండల్లో భోగిమంట ఎవరు వేస్తారు? కోతలెప్పుడో అయిపోయాక కొత్త బియ్యం ఎక్కణ్ణుంచి వస్తాయి?

సరే, వరాహమిహిరుడు చెప్పిన పని మనమూ చేద్దాం. ఎండ బాగా పడే చదునైన చోట, నేల పైన సరిగ్గా మీటరు ఎత్తు ఉండేలా ఒక కర్రను నిలువుగా పాతండి. నిటారుగా ఉందో లేదో చూడడానికి దారానికి రాయి కట్టి వేలాడదీస్తే చాలు. డిసెంబరు 22న మధ్యాహ్నం 12 నుంచి 12.30 దాకా నీడ కొసను కొద్ది కొద్ది నిమిషాలకు గుర్తిస్తూ ఉండండి. వాటిలో అతి పొట్టి నీడను కొలిచి గీత గీయండి. విజయవాడలో అది దాదాపు 84 సెంటీమీటర్లు ఉంటుంది. హైదరాబాదులో ఇంకాస్త పొడవు, తిరుపతిలో పొట్టి. సూర్యుడికేసి చూడనే వద్దు. నీడనే చూడండి.

మొదటి పదిరోజుల్లో నీడ ఒక్క సెంటీమీటరు పైచిలుకు తగ్గితే ఎక్కువ. సూర్యుడు తిరిగిన సంగతి మామూలు కంటికి ఆనదు. సంక్రాంతి నాటికి విజయవాడలో నీడ 78 సెంటీమీటర్లకు వస్తుంది. ఆరు సెంటీమీటర్ల తేడా నాలుగేళ్ళ పిల్లకైనా కనిపిస్తుంది. చెల్లాయిని పిలిచి రెండు గీతలూ చూపించండి. "సూర్యుడు ఇక్కడ తిరిగాడు, ఇవాళ్టికి ఇంత దూరం వచ్చాడు" అని చెప్పండి. అమ్మమ్మను కూడా పిలవండి.

ఒక్క జాగ్రత్త. కర్రను వాకిట్లో పాతితే మొదటి గీతను మేకులతో గుర్తు పెట్టుకోండి. సంక్రాంతి దాకా రోజూ తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసే అమ్మకు మీ ప్రయోగం సంగతి గుర్తుండకపోవచ్చు!