పుప్పొడి కాలం – పిల్లల చదువు



వర్షాలు తగ్గి అక్టోబరు, నవంబరు నెలలు వచ్చేసరికి సిమిలిగుడ, పొట్టంగి వైపు కొండవాలులన్నీ వలిసె పూలతో పసుపు పచ్చగా మారిపోతాయి. ఒడియాలో దీన్నే అలసి అంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఇళ్ళల్లో కొందరు పిల్లలకు తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద మొదలవుతాయి. "వలిసెలు పూశాయి కదా, అందుకే" అని పెద్దవాళ్ళు తేల్చేస్తారు. ఆ పువ్వు మీద వేసే నింద చాలావరకు అన్యాయమైనది. అసలు కారణమేమిటో, దానివల్ల చదువు దెబ్బతినకుండా ఏం చేయాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. చదివి తెలుసుకున్నదీ, ఈ రెండు జిల్లాల్లో కళ్ళారా చూసినదీ కలిపి రాస్తున్నాను.

కనిపించే పువ్వు, కనిపించని పుప్పొడి

వలిసె పుప్పొడి జిగటగా ఉంటుంది. తేనెటీగల కాళ్ళకు అంటుకుని ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు వెళుతుంది. రంగు, వాసన, తేనె ఉన్న పువ్వులు చాలావరకు ఇలాంటివే. వాటి పుప్పొడి గాలిలో దూరం పోదు. చేనులోకి దిగి పూలు కదిపితే తప్ప మన ముక్కుదాకా రావడం అరుదు.

గాలినే నమ్ముకున్న మొక్కలు వేరు. గడ్డిజాతులు, తోటకూర జాతి కలుపు మొక్కలు, పెరటి ఆముదం, ఈత చెట్లు, సరుగుడు తోటలు ఈ కోవలోవి. వీటి పువ్వులను మనం పువ్వులనే అనుకోము. ఇవి తేలికైన పొడి పుప్పొడిని లెక్కలేనంతగా గాలిలోకి వదులుతాయి. గడ్డి పుప్పొడి రేణువు సుమారు 20 నుంచి 40 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక మందంలో సగం లేదా అంతకంటే తక్కువ. వానల తరువాత గట్ల మీద గడ్డి పూతకు వచ్చేదీ, వలిసెలు పూసేదీ ఒకే కాలం. కంటికి కనబడింది కాబట్టి నింద వలిసె మీద పడింది.

ఈ సంగతి తేల్చినవారిలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన డాక్టర్ చార్లెస్ బ్లాక్లీ. ఆయనకే ఈ జబ్బు ఉండేది. గడ్డి పుప్పొడిని తన మీదనే ప్రయోగించుకుని చూశాడు. జిగురు పూసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి ఎగరేసి, పై గాలిలో కూడా పుప్పొడి ఉందని చూపించాడు. ఆయన పుస్తకం 1873లో వెలువడింది.

మన దగ్గర చెప్పుకోవలసిన మరో మొక్క వయ్యారిభామ, అంటే పార్థీనియం. 1950లలో పూణే ప్రాంతంలో కనబడి దేశమంతా పాకింది. రోడ్డు పక్కన, బడి ఆవరణలో తెల్లని చిన్న పూలతో ఉంటుంది. దీనివల్ల తుమ్ములే కాదు, చర్మం మీద దద్దుర్లు కూడా వస్తాయి. శ్రమదానంలో పిల్లల చేత వట్టి చేతులతో దీన్ని పీకించవద్దు. పెద్దవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకుని, పూత రాకముందే తీసివేయాలి.

ఊరు మారితే కాలం మారుతుంది

కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. రాయగడ నాగావళి ఒడ్డున చాలా దిగువన ఉంది. చలి, తేమ, పంటకాలం రెండుచోట్లా ఒకటి కావు. అందుచేత కొరాపుట్‌లో బాగుండే పిల్లవాడు రాయగడ హాస్టల్‌లో తుమ్మవచ్చు, అక్కడివాడు ఇక్కడ తుమ్మవచ్చు.

అన్ని తుమ్ములూ పుప్పొడివే కావు. పొగమంచు ఉదయాల్లో చల్లని గాలి లోయలో కదలకుండా నిలిచిపోయి, కట్టెల పొయ్యి పొగను కిందనే పట్టి ఉంచుతుంది. డిసెంబరులో నూర్పిడి దుమ్ము, వేసవిలో పోడు పొగ, వానల్లో గోడల బూజు, ఏడాది పొడుగునా బొంతల్లోని దుమ్ము పురుగులు కూడా కారణం కావచ్చు. పాత లెడ్జరు దులిపితే బ్యాంకులో అందరమూ తుమ్మేవాళ్ళం. అది మామూలు దుమ్ము. ప్రతి ఏటా అవే నెలల్లో, ఇంట్లో ఒకరిద్దరికే, జ్వరం లేకుండా, కళ్ళ దురదతో నీళ్ళలా ముక్కు కారితే అలర్జీ అని అనుమానించాలి.

పరీక్షలకు దీనికి సంబంధమేమిటి?

మెట్రిక్, ప్లస్ టూ పరీక్షలు వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే చాలా చెట్లు పూతకు వస్తాయి. బ్రిటన్‌లో 15 నుంచి 17 ఏళ్ళ విద్యార్థులు 1,800 మందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధన 2007లో వెలువడింది. శీతాకాలపు మాదిరి పరీక్షకంటే వేసవి పరీక్షలో గ్రేడు తగ్గడం, పుప్పొడి అలర్జీతో బాధపడుతున్నవారిలో ఎక్కువగా కనబడింది. నిద్ర తెప్పించే అలర్జీ మాత్రలు వాడినవారిలో మరీ ఎక్కువ. కాబట్టి మందుల షాపులో అడిగి ఏదో ఒక జలుబు మాత్ర వేసి పిల్లవాణ్ణి పరీక్షకు పంపడం మంచిది కాదు. మత్తు తక్కువగా ఉండే మందు కావాలని డాక్టరును అడగండి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, పరీక్షల ముందురోజు కాక ముందుగానే వెళ్ళాలి. అలర్జీకి యాంటీబయాటిక్ పనిచేయదు.

ఒక నోటుపుస్తకం పెట్టండి

చండీగఢ్ నగరానికి అక్కడి పీజీఐ వైద్య సంస్థ పుప్పొడి క్యాలెండరు తయారుచేసింది. విదేశాల్లో ఒక ఘనపు మీటరు గాలిలో ఎన్ని రేణువులున్నాయో రోజూ ప్రకటిస్తారు. మన ఇంటి లెక్క మనమే రాసుకుందాం. అయిదు గళ్ళు చాలు: తేదీ, ఊరు, వాతావరణం (ఎండ, గాలి, మంచు, వాన), చుట్టుపక్కల పూసినవి లేక నూర్చినవి, పిల్లల బాధ. రోజుకు రెండు నిమిషాల పని. నెలకు ఒకసారి కూడిక వేసినట్లు చూస్తే, ఏడాది తిరిగేసరికి మీ పిల్లల కాలం ఏదో తెలుస్తుంది. ఆ పుస్తకం పట్టుకుని జిల్లా ఆసుపత్రికో, కొరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలకో వెళితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

ఆ కాలంలో పొడి గాలి వీచే పూట కిటికీలు మూయండి. ఆట నుంచి వచ్చాక ముఖం, జుట్టు కడిగించండి. బట్టలు ఇంట్లోనే ఆరేయండి.

పిల్లికూతలు, రాత్రి దగ్గు, ఆయాసం ఉంటే అది ఉబ్బసం కావచ్చు, ఆలస్యం చేయవద్దు. ఇన్‌హేలర్ అలవాటుగా మారే మత్తు కాదు. మందు చాలా కొద్ది మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. ఆడపిల్లకు పెళ్ళి కాదనే భయంతో దాన్ని దాచిపెట్టే ఇళ్ళు నాకు తెలుసు. దాచిన జబ్బు వడ్డీతో సహా వసూలు చేస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు మాత్రం అలర్జీ అని సరిపెట్టుకోక క్షయ పరీక్ష చేయించండి.

విద్యార్థులారా, ఈ పుస్తకం మీరే రాయండి. సైన్సు పాఠంలో చదివిన పరాగ సంపర్కం మీ ముక్కు దగ్గరే జరుగుతోంది. పరీక్షలన్నీ హాయిగా ఊపిరి పీల్చుకుంటూ రాయాలని కోరుకుంటున్నాను.