తాకే బలాలు, తాకని బలాలు

తోపుడు బండి కదలాలంటే చెయ్యి ఆనాలి. చేద పైకి రావాలంటే తాడు బిగియాలి. కండర బలం, తాడులోని తన్యత, నేలకూ పాదానికీ మధ్య ఘర్షణ, బల్ల మీది పుస్తకాన్ని మోసే అభిలంబ బలం వంటి వాటిని పాఠ్యపుస్తకాలు స్పర్శా బలాలంటాయి. తొడిమ ఊడిన మామిడిపండును మాత్రం భూమి తాకకుండానే లాగుతుంది. పొడి జుట్టు దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితపు ముక్కలను దూరం నుంచే పైకి లేపుతుంది. అయస్కాంతం గుండుసూదులను లాక్కుంటుంది. ఇవి క్షేత్ర బలాలు.

ఈ రెండో రకం బలాలు శాస్త్రవేత్తలను శతాబ్దాల పాటు ఇబ్బంది పెట్టాయి. 1687లో గురుత్వాకర్షణ సూత్రాన్ని ప్రకటించిన న్యూటన్, దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు తగ్గుతుందని లెక్క చెప్పాడు. అయితే మధ్యలో ఏమీ లేకుండా ఒక వస్తువు మరో వస్తువును లాగుతుందన్న ఊహ అసంబద్ధమని 1693లో రిచర్డ్ బెంట్లీకి రాసిన లేఖలో ఆయనే అన్నాడు. లెక్క సరిపోయింది కదా అని ఊరుకోకుండా కారణం కోసం వెదకడం ఆయన గొప్పతనం.

జవాబుకు దారి వేసినవాడు మైకేల్ ఫారడే. బైండింగ్ దుకాణంలో పనివాడిగా బతుకు మొదలుపెట్టిన ఆయనకు గణితం పెద్దగా రాదు. అయస్కాంతం మీద కాగితం పరిచి ఇనుప రజను చల్లితే అది వంపు గీతలుగా సర్దుకుంటుంది. అయస్కాంత ప్రభావం చుట్టూ ఉన్న చోటంతా పరుచుకుని ఉందని ఫారడే ఆ గీతల్లో చూశాడు. అదే క్షేత్రం. మాక్స్‌వెల్ 1865లో దానికి సమీకరణాలు ఇచ్చి, విద్యుదయస్కాంత ప్రభావం కాంతి వేగంతో ప్రయాణిస్తుందని తేల్చాడు. 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణను స్థలకాలాల వంపుగా వివరించాడు. గురుత్వ ప్రభావంలో వచ్చే మార్పు కూడా కాంతి వేగాన్ని మించదు. సూర్యుడి దగ్గర మార్పు జరిగితే అది భూమికి చేరడానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది.

ఇంతకీ తాకడమంటే ఏమిటి? చెయ్యి గోడకు ఆనినప్పుడు రెండింటి పరమాణువులూ బాగా దగ్గరవుతాయి. వాటి ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఈ నెట్టుడుకు విద్యుత్ వికర్షణతో పాటు, రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవన్న పౌలీ నియమమూ కారణం. కాబట్టి పరమాణువుల స్థాయిలో చూస్తే స్పర్శకూ దూరానికీ మధ్య గట్టి గీత లేదు. పాఠ్యపుస్తకాల విభజన నిత్యజీవితానికి పనికొచ్చే ఏర్పాటు మాత్రమే.

తాకకుండా కదిలించే విద్య ఇప్పుడు పరిశ్రమల దాకా వచ్చింది. షాంఘై విమానాశ్రయ రైలు అయస్కాంత బలంతో పట్టాకు పైన తేలుతూ గంటకు 400 కిలోమీటర్లు దాటిన వేగం అందుకుంది. సూక్ష్మకణాలను లేజర్ కాంతితో పట్టి కదిలించే పద్ధతికి ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ వచ్చింది. 1997లో నెదర్లాండ్స్‌లో బతికున్న కప్పను కూడా బలమైన అయస్కాంత క్షేత్రంలో గాలిలో తేల్చారు. నీటిని అయస్కాంతం చాలా బలహీనంగా వికర్షిస్తుంది. కప్ప దేహంలో ఎక్కువ భాగం నీరే.

సామాన్యులకు అయస్కాంత బలం బాగా దగ్గరగా ఎదురయ్యేది ఎం.ఆర్.ఐ. గదిలో. 1.5 టెస్లా యంత్రంలోని క్షేత్రం భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. ఇలాంటి యంత్రాల్లో స్కాన్ జరగనప్పుడు కూడా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. ఇనుప కుర్చీని, ఆక్సిజన్ సిలిండర్‌ను సైతం లాగేయగలదు. ఒంట్లో పేస్‌మేకర్, క్లిప్పు, లోహపు ముక్క ఏది ఉన్నా లోపలికి వెళ్లే ముందే సిబ్బందికి చెప్పాలి. రోగికి తోడుగా వెళ్లేవారూ తాళాలు, సెల్‌ఫోన్లు బయటే వదలాలి.