పోయాయనుకున్న స్లైడ్లు ఎక్కడో ఉంటాయి!

*సేవ్ చేయని, పాడైన, డిలీట్ అయిన ప్రజెంటేషన్ల వేటకు ఒక్కోదానికి ఒక్కో దారి*

తెల్లారితే ప్రాజెక్ట్ వైవా. అర్ధరాత్రి కరెంటు పోతుంది. లేదంటే మూసేటప్పుడు ‘డోన్ట్ సేవ్’ మీద క్లిక్ పడుతుంది. గుండె గుభేలుమంటుంది. కంగారులో మళ్లీ ఒకటో స్లైడ్ నుంచి మొదలుపెట్టకండి. ఫైలు అసలు సేవ్ కాలేదా, సేవయ్యాక పాడైందా, డిలీట్ అయిందా... ముందు అది తేల్చుకోవాలి.

సేవ్ చేయకుండా మూస్తే

పవర్‌పాయింట్ మామూలుగా 10 నిమిషాలకోసారి తనంతట తానే ఒక నకలు దాస్తుంది. ఇదే ఆటోరికవర్. కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతే, మళ్లీ తెరవగానే డాక్యుమెంట్ రికవరీ జాబితా చూపిస్తుంది. అది రాకపోతే ఫైల్ మెనూలో ఇన్ఫో, అందులో మేనేజ్ ప్రజెంటేషన్, దాని కింద రికవర్ అన్‌సేవ్డ్ ప్రజెంటేషన్స్. దొరికినదాన్ని అక్కడికక్కడే కొత్త పేరుతో సేవ్ చేయాలి. ఈ నకళ్లు సాధారణంగా 4 రోజులే ఉంటాయి.

ఫైలు తెరుచుకోకపోతే

ఆఫీస్ 2007తో వచ్చిన పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఓ జిప్ మూట. ఒక్కో స్లైడ్ ఒక్కో ఎక్స్ఎంఎల్ ఫైలు. ఫొటోలు ‘మీడియా’ ఫోల్డర్లో విడిగా ఉంటాయి. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రం మూట చివర్లో ఉంటుంది. కాపీ పూర్తికాకముందే పెన్‌డ్రైవ్ లాగేస్తే తెగిపోయేది ఆ చివరే. స్లైడ్లు చాలావరకు లోపలే ఉన్నా పవర్‌పాయింట్ చేతులెత్తేస్తుంది.

అందుకే ముందు ఫైలుకో నకలు తీసి, ప్రయోగాలన్నీ దానిమీదే చేయాలి. మొదట పవర్‌పాయింట్‌లోని ‘రిపేర్’. కుదరకపోతే కొత్త ప్రజెంటేషన్ తెరిచి, మీ పవర్‌పాయింట్‌లో ‘రీయూజ్ స్లైడ్స్’ ఉంటే దాంతో పాతవి రప్పించుకోవాలి. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లోనూ తెరిచి చూడొచ్చు. ఏదీ పనిచేయకపోతే ఫైలు పేరు చివర జిప్ అని మార్చి మూట విప్పాలి. విండోస్ విప్పలేనిదాన్ని సెవెన్-జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కోసారి విప్పొచ్చు. డిజైన్ దక్కకపోయినా ఫొటోలూ అక్షరాలూ దక్కొచ్చు.

డిలీట్ అయితే

రీసైకిల్ బిన్‌లో వెతకండి. పెన్‌డ్రైవ్ నుంచి డిలీట్ చేసినవి సాధారణంగా అక్కడికి చేరవు. అయినా డేటా వెంటనే చెరిగిపోదు, ఆ చోటు ఖాళీ అన్న గుర్తు మాత్రమే పడుతుంది. కొత్త ఫైలు వచ్చి అక్కడ కూర్చుంటేనే పాతది పోతుంది. కాబట్టి ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకేమీ వేయకుండా, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికి, దొరికినవాటిని వేరే డిస్క్‌లోకి తీయాలి. కంప్యూటర్లోని ఎస్ఎస్‌డీలో మాత్రం ఆశ తక్కువ. ఖాళీ అన్న చోటును అది త్వరగా తుడిచేస్తుంది.

ముందే జాగ్రత్తపడితే

పవర్‌పాయింట్ ఆప్షన్స్‌లోని సేవ్ విభాగంలో ఆటోరికవర్ 10 నిమిషాలను 2 చేసుకోండి. వన్‌డ్రైవ్‌లో ఆటోసేవ్, గూగుల్ స్లైడ్స్ ఎప్పటికప్పుడు దాస్తూనే ఉంటాయి. మన తప్పులూ వాటితోపాటే సేవ్ అయిపోతాయి. పొరపాటున పది స్లైడ్లు తీసేస్తే వర్షన్ హిస్టరీలోకి వెళ్లి పాత రూపాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. పని పూర్తయ్యాక పీడీఎఫ్ ఒకటి తీసి మీ మెయిల్‌కే పంపుకోండి. అందులో యానిమేషన్లు ఆడవుగానీ, ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెరుచుకుంటుంది.