కణత్వచం ఉత్త సంచీ కాదు

తొమ్మిదో తరగతి సైన్సులో గుడ్డు ప్రయోగం చేసినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. సజల ఆమ్లంలో వేస్తే బుడగలు కక్కుతూ పెంకు కరిగిపోతుంది. మిగిలిన మెత్తటి గుడ్డు మంచినీళ్లలో ఉబ్బుతుంది, చిక్కటి ఉప్పునీళ్లలో సొట్టలు పడుతుంది. ద్రవాభిసరణను కళ్లకు కట్టడానికి మంచి ప్రయోగమే. కాకపోతే దానివెంటే ఒక అపోహ కూడా బుర్రలో తిష్ఠ వేస్తుంది.

అపోహ: పెంకు పోయాక వేళ్లకు తగిలే ఆ తెల్లటి పొరే కణత్వచం.

కాదు. అది ప్రొటీన్ పోగుల అల్లిక. అండం తయారయ్యాక, కోడి అండవాహికలోంచి దిగివస్తుండగా పైన చేరిన తొడుగు. ఫారం గుడ్డులో కణం అనదగ్గది పచ్చసొన ఒక్కటే. కణత్వచం ఉండేది దాని చుట్టూ. మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటివి రెండు లక్షలు దొంతరగా పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. వేళ్లకు తగలడం మాట అటుంచండి, బళ్లో ఉండే మైక్రోస్కోపుకు కూడా ఆ మందం అందదు. అడ్డంగా కోసి చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావలసి వచ్చింది.

అపోహ: త్వచంలో లిపిడ్లు (కొవ్వు అణువులు) రెండు వరసలుగా ఉంటాయన్నది తప్పుల్లేని కొలతతో తేలిన సంగతి.

తేలిన సంగతి నిజం, కొలత మాత్రం కాదు. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పిల్లల వైద్యుడు ఎవర్ట్ గోర్టర్, ఆయన సహచరుడు గ్రెండెల్ ఎర్ర రక్తకణాలను ఎంచుకున్నారు. తెలివైన ఎంపిక. క్షీరదాల ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు, లోపలి పొరలూ ఉండవు. కాబట్టి దొరికిన కొవ్వంతా పైత్వచానిదే. దాన్ని ఎసిటోన్‌తో లాగి, తొట్టిలో నీటిమీద ఒకే అణువు మందాన పరిచి చూస్తే, కణాల ఉపరితలానికి రెట్టింపు వైశాల్యం వచ్చింది. అంటే రెండు వరసలన్నమాట.

తర్వాతివాళ్లు లెక్క సరిచూస్తే రెండు లోపాలు బయటపడ్డాయి. ఎసిటోన్ కొవ్వును పూర్తిగా లాగలేదు. ఎండిన కణాలను కొలవడంతో ఉపరితలం కూడా తక్కువగా లెక్కపడింది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబు మిగిలింది! సైన్సులో అదృష్టానికి చోటు లేదనేవాళ్లకు ఈ కథ వినిపించాలి.

అదే ఏడాది అమెరికాలో, హార్వర్డ్‌లో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. వాళ్ల ధ్యాస కణత్వచం మీద లేదు. కానీ త్వచంలోని లిపిడ్లలో పెద్ద వాటా ఫాస్ఫోలిపిడ్లది. వాటిలో చాలావాటికి అణువుకొక ఫాస్ఫరస్ పరమాణువు ఉంటుంది. ఫాస్ఫరస్‌ను లెక్కిస్తే లిపిడ్ లెక్క తేలినట్టే. 1959లో బార్ట్‌లెట్ కాస్త సవరించాక ఆ పద్ధతి త్వచాల పరిశోధకులకు రోజువారీ పనిముట్టయింది.

అపోహ: లిపిడ్లు ఒకదానికొకటి అతుక్కుని గోడలా నిలబడతాయి.

వాటిని కలిపి కుట్టే రసాయన బంధాలేవీ లేవు. లిపిడ్ తలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు పడదు. తోకలు నీటికి మొహం చాటేసి ఒకచోట చేరడమే త్వచాన్ని నిలబెడుతోంది. అందుకే అందులో కదలిక ఉంది. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు ఎలుక కణాన్ని మనిషి కణంతో ఏకం చేసి, రెండు జాతుల ప్రొటీన్లకూ వేర్వేరు రంగులు తగిలించారు. 37 డిగ్రీల దగ్గర 40 నిమిషాల్లో రంగులు కలగలిసిపోయాయి.

అయితే పక్కకు జారినంత సులువుగా లిపిడ్ ఒక వరసలోంచి రెండో వరసకు పల్టీ కొట్టలేదు. ఎంజైముల సాయం లేకపోతే గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఈ తేడాను కణం వాడుకుంటుంది. ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే లిపిడ్‌ను లోపలి వరసలోనే దాచి ఉంచుతుంది. అది బయట కనబడిందంటే, ఈ కణం పని అయిపోయింది తినేయండని భక్షక కణాలకు కబురు అందినట్టు. గాయమైనచోట రక్తఫలకికలు దాన్ని బయటపెడతాయి. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు వచ్చి దానిమీదే చేరి పని మొదలుపెడతాయి.

అపోహ: కొలెస్టరాల్ ఒంట్లో ఉండకూడని చెత్త.

మన కణాల పైత్వచంలోని లిపిడ్ అణువుల్లో సుమారు మూడో వంతు, కొన్ని కణాల్లో అంతకు మించి, అదే. తోకల మధ్య దూరి, త్వచం వేడికి మరీ పలచబడకుండా, చలికి బిగుసుకుపోకుండా చూస్తుంది. మనం తినకపోయినా ఒళ్లే తయారుచేసుకుంటుంది. రక్తంలో ఎల్‌డీఎల్ పెరిగి ధమని గోడల్లో పేరుకోవడం వేరే సంగతి. దానికి డాక్టరు రాసిన మాత్రలు ఇది చదివి మానేయకండి. నూనె ప్యాకెట్ మీద ‘కొలెస్టరాల్ లేదు’ అన్న ముద్ర చూసి మురిసిపోనూ వద్దు. మొక్కల నూనెలో అదెప్పుడూ లెక్కలోకి రానంత తక్కువే.

అపోహ: ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు ఉండేది నీరసం పోవడానికి.

అసలు పని వేరు. విద్యుదావేశం ఉన్న సోడియం కణత్వచంలోని కొవ్వు పొరను దాటలేదు. చిన్నపేగు కణాల త్వచంలో ఉన్న ఒక ప్రొటీన్ దాన్ని లోపలికి తీసుకుంటుంది, కానీ గ్లూకోజు తోడుంటేనే. ఆ రెండూ వెళితే వెనకే నీళ్లు వెళతాయి. కలరా విషం పేగుతో నీళ్లు కక్కిస్తున్నా ఈ దారిని మూయలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ సీసాలు అయిపోవస్తుంటే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రస్తుత లెక్క ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, వీటితోపాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ లవణం. తీపి పెంచితే నీళ్లు తిరిగి పేగులోకే వచ్చి విరేచనాలు ముదురుతాయి. కాబట్టి కూల్‌డ్రింకులు దీనికి బదులు కావు. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, సగం సగం కాదు.